మా ఊళ్ళో బ్యాట్రీ అంటే టార్చిలైటు

మా వైపు టార్చిలైటుని టార్చిలైటు అనరు, "బ్యాట్రీ" అంటారు. దాంట్లో వేసే బ్యాటరీలనేమో "సెల్లులు" అంటారు. "మూడు సెల్లుల బ్యాట్రీ" అంటే పొడుగాటి టార్చి అన్నమాట. హైదరాబాదు హాస్టల్లో కొత్తలో కరెంటు పోయినప్పుడు "బ్యాట్రీ ఎక్కడుందిరా" అని అడిగితే, గుంటూరు రూమ్మేటు మూలనున్న ఇన్వర్టర్ వైపు వేలు చూపించాడు :). ఇప్పుడు సెల్లు అంటే ఫోను. ఆ ఫోన్లోనే టార్చి ఉంది, రేడియో ఉంది. మాటలు అటు తిరిగి ఇటు తిరిగి ఒకే వస్తువు దగ్గర చేరాయి.

మా ఊరు చండ్రుగొండ. ఖమ్మం వైపు నుంచి భద్రాచలం అడవి మొదలయ్యే అంచు. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. బస్సెక్కితే గంటలో కొత్తగూడెం. అక్కడ సింగరేణి బొగ్గు గనులు. ఇంకాస్త ముందుకెళ్తే పాల్వంచ, అక్కడ కేటీపీఎస్. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్ళు కలిపి 1966 నుంచి అక్కడ కరెంటు తయారుచేస్తున్నారు. ఆ కరెంటు టవర్లెక్కి హైదరాబాదుకి పోయేది. దారిలో అడవిలో ఉన్న గుంపుల వాళ్ళు (కోయగూడేలని ఇక్కడ గుంపులంటారు) ఎక్కబుడ్డి, కందిలి, డబ్బులుంటే బ్యాట్రీతో కాలక్షేపం చేసేవాళ్ళు. మరీ పాత సంగతేం కాదు. నా వయసు వాళ్ళందరికీ గుర్తే.

చేతిలో పట్టుకుపోయే దీపాల మీద, చేత్తో తిప్పితే పాడే రేడియోల మీద ఇంగ్లీషులో చాలా రాశారు. అన్నింట్లోనూ కథ ఒకటే. మనిషి తన కండబలంతో కరెంటు పుట్టించుకున్నాడు, చీకటిని జయించాడు, చప్పట్లు. నాకెందుకో ఈ కథ తిరగేసి చెప్తున్నారనిపిస్తుంది. చీకట్లో బతికేవాళ్ళకి మేలు చేసింది కరెంటు పుట్టించే యంత్రాలు కాదు. కరెంటు తక్కువ తినే వస్తువులు. రేడియోకి ఆ భాగ్యం 1954లో పట్టింది. దీపానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. ఆ నలభై ఏళ్ళ బిల్లు ఎవరు కట్టారన్నదే నా బాధ.

మొదట్నుంచీ వద్దాం. 1866లో లెక్లాంషే అనే ఫ్రెంచి ఆయన జింకు, మాంగనీసు డయాక్సైడుతో సెల్లు కనిపెట్టాడు. అయితే అది గాజు సీసాలో ద్రవం, ఒలికితే అంతే సంగతులు. 1886లో గాస్నర్ అనే జర్మన్ దాన్ని ముద్దలా చేసి జింకు డబ్బాలో పెట్టాడు. తలకిందులు చేసినా ఒలకదు. మన ఎర్ర సెల్లుకి ముత్తాత అదే. 1899 జనవరిలో డేవిడ్ మిసెల్ అనే ఆయనకి అమెరికాలో గొట్టం ఆకారం టార్చికి పేటెంటు వచ్చింది. మూడు సెల్లులు ఒకదాని వెనక ఒకటి, ముందు బల్బు, వెనక అద్దం లాంటి రేకు. నూట పాతికేళ్ళు దాటినా డిజైను పెద్దగా మారలేదంటే, ఒకటో వెర్షనే ఎంత బాగా చేశారో చూడండి. ఆ పేటెంటు కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీకి వెళ్ళింది. ఆ కంపెనీయే తర్వాత ఎవరెడీ అయ్యింది.

ఆ రోజుల్లో సెల్లులో దమ్ములేదు, బల్బులో కార్బన్ తీగ. బటన్ నొక్కితే కాసేపు వెలిగి నీరసపడేది. కాసేపు ఆపి మళ్ళీ నొక్కాలి. ఇంగ్లీషువాళ్ళు దానికి ఫ్లాష్‌లైటు అని పేరు పెట్టింది అందుకే. టంగ్‌స్టన్ తీగ వచ్చాక గానీ అది నిలకడగా వెలగలేదు.

ఇది మన దేశానికి వచ్చి పాతుకుపోయిన కథలో అందరికీ తెలిసినా ఎవరూ కలిపి చూడని ముక్క ఒకటుంది. ఎవరెడీ ఇక్కడ ఎవరిదనుకున్నారు? యూనియన్ కార్బైడ్ ఇండియాది. కలకత్తాలో, మద్రాసులో సెల్లుల ఫ్యాక్టరీలు, లక్నోలో టార్చిల ఫ్యాక్టరీ. మన హైదరాబాదు మౌలాలీలో కూడా సెల్లుల ఫ్యాక్టరీ ఉండేది. అదే కంపెనీ భోపాల్‌లో పురుగుమందులు చేసింది. 1984 డిసెంబరు 2 రాత్రి గ్యాసు లీకై వేలమంది చనిపోయారు. తర్వాత కూడా అడవిలో ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు కొన్న సెల్లు అదే కంపెనీది. 1994లో యూనియన్ కార్బైడ్ తన వాటా అమ్ముకుని వెళ్ళిపోయింది. పేరు ఎవరెడీ ఇండస్ట్రీస్ అయ్యింది. సెల్లు మీద తొమ్మిది అంకె, పిల్లి మాత్రం అలాగే ఉన్నాయి. కొనేవాళ్ళకి ఇవేవీ తెలిసే అవకాశం లేదు. తెలిసినా వేరే దారి లేదు.

ఇప్పపువ్వు అన్నాను కదా, ఆ సంగతి చెప్పకుండా మా అడవిలో టార్చి గురించి చెప్పలేం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. తెల్లారాక వెళ్తే పశువులు, మేకలు తినేసి ఉంటాయి. కాబట్టి మూడింటికో నాలుగింటికో లేచి బుట్ట తీసుకుని చెట్టు కిందికి పోవాలి. ఇప్పపువ్వు అంటే ఎలుగుబంటికి ప్రాణం. అదీ ఆ టైముకే వస్తుంది. చెట్టు కింద నల్లగా కదిలేది దుంగ నీడా, ఎలుగా అన్నది తేల్చడానికి ఒక్క క్షణం వెలుగు చాలు. ఆ క్షణం బల్బు ఎర్రగా, నిప్పు కణికలా వెలిగి ఊరుకుంటే? సెల్లులు ఎప్పుడు మార్చాలన్నది అక్కడ బడ్జెట్ లెక్క కాదు. ఆ తర్వాత తునికాకు సీజను, అదీ చీకటితోనే మొదలు. వానాకాలం పంట మీద అడవి పందులు. మంచె మీద రాత్రంతా కాపలా. ఏడాది పొడుగునా చీకట్లో పని ఉన్న జనం వీళ్ళు. కరెంటు ఆఖర్న వచ్చిందీ వీళ్ళకే.

ఇక లెక్కకొద్దాం, మనకి అలవాటైన పనే కదా. పెద్ద సైజు జింక్-కార్బన్ సెల్లులో సుమారు ఆరు వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఒక యూనిట్ కరెంటు అంటే వెయ్యి వాట్-అవర్లు. అంటే ఒక యూనిట్‌కి దాదాపు 166 సెల్లులు. సెల్లు ఇరవై రూపాయలనుకుంటే యూనిట్ ధర 3,300 రూపాయల పైన! మీ అపార్టుమెంటులో ఏసీ బిల్లు యూనిట్‌కి పది రూపాయలు దాటితే వాట్సాప్ గ్రూపులో యుద్ధం జరుగుతుంది. పాల్వంచ చిమ్నీలు కనిపించేంత దూరంలో ఉన్నవాడు దానికి మూడొందల రెట్లు కట్టి కొనుక్కున్నాడు. అదీ నెలకింత అని కాదు, ముందే డబ్బులిచ్చి, పూర్తిగా ప్రీపెయిడ్.

అందుకే సెల్లుని అంత తేలిగ్గా పారేసేవాళ్ళు కాదు. నీరసించిన సెల్లుల్ని ఎండలో పెట్టేవాళ్ళు. నవ్వకండి, అందులో సైన్సుంది. కాసేపు వాడకుండా ఉంచితే లోపలి రసాయనాలు కాస్త సర్దుకుంటాయి. వేడికి చర్య వేగం పెరుగుతుంది. సెల్లు కొంచెం కోలుకుంటుంది, ఒకటి రెండు రాత్రులు లాగుతుంది. టార్చికి పనికిరానిది రేడియోలోకి వెళ్ళేది. రేడియోకి కూడా చాలకపోతే గోడ గడియారంలోకి, సైజు కుదరకపోతే వైర్లు చుట్టి మరీ. పూర్తిగా చచ్చిన సెల్లుని పిల్లలు పగలగొట్టి కార్బన్ కడ్డీ తీసుకునేవాళ్ళు. నల్ల పొడి బడిలో బోర్డుకి పూసేవాళ్ళు. వాడకంలో ఇంతకంటే ఆప్టిమైజేషన్ ఏ ఆర్కిటెక్టూ చెయ్యలేడు.

గమనించారా, టార్చికి చాలని సెల్లు రేడియోకి చాలింది. అసలు విషయమంతా అక్కడే ఉంది.

వాల్వుల కాలంలో, కరెంటులేని ఊళ్ళో రేడియో అంటే శ్రీమంతుల సరుకు. వాల్వు లోపల తీగ ఎర్రగా కాలుతూ ఉండాలి, పైగా తొంభై వోల్టుల బ్యాటరీ ప్యాకొకటి. ఆస్ట్రేలియా ఎడారుల్లో ఇదే సమస్య. అక్కడ 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు పెడల్ రేడియో తెచ్చాడు. కుర్చీలో కూర్చుని సైకిలు తొక్కినట్టు తొక్కితే ఇరవై వాట్లు వస్తాయి, చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి మోర్స్ కొట్టి డాక్టర్ని పిలవచ్చు. ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు నిలబడింది దీని మీదే. నిజంగా గొప్ప పని, నాకు చాలా ఇష్టమైన కథ. కానీ అది ప్రాణం మీదికొచ్చినప్పుడు తొక్కే సైకిలు. రోజంతా పొలం పని చేసొచ్చినవాడిని పాటల కోసం గంటసేపు తొక్కమంటే తొక్కుతాడా?

1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1954లో రీజెన్సీ టీఆర్-1 అని మొదటి జేబు రేడియో వచ్చింది. అది తాగే కరెంటు వాట్‌లో పదో వంతు కూడా లేదు. కరెంటు ఎక్కువ పుట్టించాల్సిన పని లేకుండానే రేడియో అడవిలోకి నడిచొచ్చింది. నాలుగు సెల్లులేస్తే నెలల తరబడి పాడేది. మా ప్రాంతంలో కరెంటు స్తంభం కంటే ముందు విజయవాడ స్టేషను చేరిన ఇళ్ళున్నాయి. వార్తలు, వ్యవసాయ కార్యక్రమం, సాయంత్రం సిలోన్ పాటలు. మంచె మీద రేడియో పెడితే పందులు రావని ఒక నమ్మకం కూడా. పందుల సంగతేమో గానీ కాపలావాడికి నిద్ర పట్టకుండా చేసేది :). దానికీ పోస్టాఫీసులో లైసెన్సు కట్టించుకున్నారు, 1980ల దాకా. చీకట్లో ఉన్నవాడికి ప్రభుత్వం కరెంటివ్వలేదు గానీ రసీదు మాత్రం ఇచ్చింది.

మరి దీపానికి ట్రాన్సిస్టర్ లాంటిది రాలేదు. తీగ బల్బు వాట్‌లో తొంభై శాతం పైన వేడికే పోతుంది. రెండు సెల్లుల టార్చి బల్బు ముప్పావు వాట్ తింటుంది, ఇచ్చేది ఏ పది ల్యూమెన్లో. దాని వెనకే మనం నలభై ఏళ్ళు సెల్లులు పోశాం.

చేత్తో తిప్పే దీపాలు లేవా అంటే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో హాలెండులో ఫిలిప్స్ వాళ్ళు పిడికిలితో పిసికే డైనమో టార్చి చేశారు. జనం దానికి "పిసికే పిల్లి" అని అర్థమొచ్చే ముద్దుపేరు పెట్టారు, పిసికినప్పుడల్లా గుర్రుమంటుందని. మన దగ్గర ఆ పని చేసింది సైకిలు డైనమో. ఆరు వోల్టులు, మూడు వాట్లు. సీసా లాంటి దాన్ని టైరుకి ఆనిస్తే చక్రం బరువెక్కేది, దీపం వెలిగేది. ఎక్కుడులో తొక్కలేక తొక్కుతుంటే మిణుకుమిణుకుమనేది, దిగుడులో జోరుకి బల్బే ఫట్‌మనేది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆగితే ఆరిపోయేది. సెకండ్ షో చూసి వస్తూ చప్పుడేదో వినపడి సైకిలాపారనుకోండి, సరిగ్గా వెలుగు కావాల్సినప్పుడే చీకటి. సొంత కరెంటు దీపాల అసలు బలహీనత ఈ ఒక్క మాటలో ఉంది.

1991లో ఇంగ్లండులో ట్రెవర్ బేలిస్ అనే ఆయన టీవీలో ఒక కార్యక్రమం చూశాడు. ఆఫ్రికాలో ఎయిడ్స్ గురించి జనానికి చెప్పాలంటే రేడియోయే దారి, కానీ సెల్లులు కొనే స్తోమత లేదు అని. ఆయన గడియారం స్ప్రింగుతో నడిచే రేడియో చేశాడు. మొదటి నమూనా రెండు నిమిషాలు తిప్పితే పధ్నాలుగు నిమిషాలు పాడింది. కేప్‌టౌన్‌లో ఫ్యాక్టరీ పెట్టారు, మండేలా మెచ్చుకున్నారు, ప్రపంచమంతా రాసింది. కొన్నేళ్ళకి ఆ కంపెనీయే స్ప్రింగు తీసేసి, డైనమోతో చార్జయ్యే బ్యాటరీ పెట్టింది. డిజైను మారడంతో ఆయన పేటెంటు పక్కకి పోయింది. తనకి పెద్దగా డబ్బేమీ మిగల్లేదని ఆయనే పేపర్లకి చెప్పుకున్నాడు. 2018లో చనిపోయాడు. స్టాక్ ఆప్షన్ల కాగితాలు చదవకుండా సంతకాలు పెట్టే మనవాళ్ళు ఈ కథ రెండుసార్లు చదవాలి.

బేలిస్‌ని తక్కువ చేయడం లేదు. ఆయన అడిగిన ప్రశ్న సరైనది. సెల్లుల ఖరీదే అడ్డమని పసిగట్టాడు. కానీ తిప్పడం వల్ల ఏమొస్తుందో చూద్దాం. మామూలు మనిషి చేత్తో హాయిగా తిప్పితే ఓ ఐదు వాట్లు. ఒక నిమిషం తిప్పితే 300 జౌళ్ళు, అందులో సగం పోగా మిగిలేది 150. తీగ బల్బు దాన్ని మూడు నిమిషాల ఇరవై సెకన్లలో మింగేస్తుంది. ఎలుగుబంటి ఎదురుగా ఉంటే తిప్పుతూ కూర్చుంటామా? అదే 150 జౌళ్ళని వాట్‌లో పదో వంతు తినే ఎల్‌ఈడీకిస్తే ఇరవై ఐదు నిమిషాలు వెలుగుతుంది, వెలుగూ తగ్గదు. చెయ్యి అదే, డైనమో అదే. మారిందల్లా బల్బు.

ఆ బల్బు జపానులో నిచియా అనే చిన్న కంపెనీలో పుట్టింది. 1993లో షూజీ నకమురా బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ తెచ్చాడు. దాని మీద పసుపు పౌడరు పూస్తే తెల్ల వెలుగు, 1996లో. 2014లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ తర్వాత బజార్లో ఊపితే వెలిగే టార్చిలని వచ్చాయి, చుట్టలో అయస్కాంతం అటూ ఇటూ ఆడుతుందని. ఫారడే 1831లో చూపించిన సూత్రమే. చాలావాటిలో లోపల బొత్తాం సెల్లు దాచిపెట్టి, అయస్కాంతం కాని ఇనప ముక్క పెట్టి అమ్మారు. డెమో బ్రహ్మాండం, బ్యాకెండ్‌లో హార్డ్‌కోడెడ్!

2003లో నోకియా 1100 వచ్చింది, పైన బుల్లి టార్చితో. తర్వాతి చవక ఫోన్లలో ఎఫ్.ఎం. కూడా. సెల్లు అన్న మాటకి అర్థం మారింది అప్పుడే. కరెంటులేని గుంపుల వాళ్ళు రోడ్డు మీది షాపులో డబ్బులిచ్చి చార్జింగ్ పెట్టించుకునేవాళ్ళు. అదీ ఖరీదైన కరెంటే, కానీ సెల్లులతో పోలిస్తే ఎన్నో రెట్లు నయం.

ఇక్కడ ప్రభుత్వ లెక్కల గురించి చెప్పకపోతే అన్యాయం. 1997కి ముందు, ఊరి రెవెన్యూ పొలిమేరలో ఎక్కడైనా, దేనికైనా కరెంటు వాడితే ఆ ఊరు విద్యుదీకరించినట్టే లెక్క. ఒక్క పొలంలో మోటారుంటే చాలు. 2004లో దాన్ని పది శాతం ఇళ్ళు అని మార్చారు. కోడ్ రాయకుండా టికెట్ క్లోజ్ చేయడం మనం కనిపెట్టిన విద్య కాదన్నమాట. అడవిలో స్తంభం పాతాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. బొగ్గు గనికి దొరికిన అనుమతి నలభై ఇళ్ళ గుంపుకి అంత తొందరగా దొరకదు.

కరెంటొచ్చిన ఊళ్ళల్లో కూడా బ్యాట్రీ మూలకి పోలేదు. 2004లో రైతులకి ఉచిత కరెంటన్నారు, ఇచ్చింది ఏడు గంటలు, అదీ విడతలుగా, చాలాసార్లు అర్ధరాత్రి. మోటారు వెయ్యడానికి చీకట్లో గట్టు మీద నడవాలి. కట్లపాము, రక్తపింజర ఉండేవి అక్కడే. ఉచితంగా వచ్చే కరెంటుని అందుకోడానికి సెల్లులు కొనాల్సొచ్చిన దేశం మనది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలయ్యాక గానీ ఆ రాత్రి నడక తగ్గలేదు.

అన్నట్టు, మొదట్నుంచీ మంచి దీపం దక్కిన వాళ్ళు మా దగ్గర ఒకళ్ళున్నారు. సింగరేణి కార్మికులు. గనిలో మీథేనుంటే మామూలు మంట ప్రాణం తీస్తుంది. అందుకే 1815లో డేవీ జాలీ దీపం, ఇరవయ్యో శతాబ్దంలో నెత్తి మీద ఎలక్ట్రిక్ క్యాప్ లాంపు. షిఫ్టు మొదట్లో ల్యాంప్ రూములో తీసుకోవాలి, దిగాక అప్పగించాలి. రాత్రంతా అక్కడే చార్జింగ్. నడుముకి రెండు కేజీల పైన బరువుండే లెడ్ బ్యాటరీ, అక్కణ్ణుంచి తలకి తీగ. బరువే, కానీ పది గంటలు నిలకడగా వెలిగేది, రెండు చేతులూ ఖాళీ. కంపెనీకి ఆ వెలుగులో బొగ్గు కావాలి కాబట్టి వెలుగిచ్చింది. అదే కొత్తగూడెంలో బొగ్గు తవ్వే తమ్ముడికి తల మీద దీపం, అడవంచున పువ్వు ఏరే అన్నకి ఎండలో ఆరబెట్టిన సెల్లు.

కేటీపీఎస్ పాత యూనిట్లు 2020 కల్లా ఆపేశారు. 2024 ఆగస్టులో వాటి ఎనిమిది కూలింగ్ టవర్లనీ ఒకేసారి కూల్చారు. వీడియో మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు మా వైపు సంతలో నెత్తికి కట్టుకునే ఎల్‌ఈడీ లైట్లు కుప్పపోసి అమ్ముతున్నారు. లోపల లిథియం సెల్లు, ఫోన్ చార్జర్‌తోనే చార్జింగ్. గని కార్మికుడి దీపం ఇప్పపువ్వు చెట్టు కిందికి వచ్చింది, ఓ వందేళ్ళు ఆలస్యంగా. రెండు చేతులా ఏరుకోవచ్చు. ఏడాదికే పాడవుతాయి, బాగుచేసేవాడు లేడు, పెరట్లో పారేస్తున్నారు. ఎర్ర సెల్లు పొడి కనీసం బడి బోర్డుకైనా పనికొచ్చింది. ఈ లిథియం చెత్త సంగతి ఇంకోసారి రాస్తా, దాని లెక్క వేరే ఉంది.